సీలియాక్ వ్యాధిగ్రస్తులు: మందులలో గ్లూటెన్‌ను గూర్చి విచారించు విధానము

సీలియాక్ వ్యాధికి ఇంతవరకు స్థిరపడిన చికిత్స ఒక్కటే. గ్లూటెన్ అను పదార్థమును ఆహారమునుండి జీవితాంతము తొలగించుటయే ఆ చికిత్స. ఈ నియమమును శ్రద్ధతో పాటించు రోగి గోధుమ రొట్టె, పూరీ, సేమ్యా, బొంబాయి రవ్వ, మైదా బిస్కట్టులు మొదలగువానిని మాని, అన్నము, జొన్నరొట్టె, రాగిసంకటి, పప్పుదినుసులు, కాయగూరలు భుజించుచు ఆరోగ్యముగా జీవింపగలడు. కాని మనుష్యునకు ఒకే వ్యాధి వచ్చునను నియమము లేదు. సీలియాక్ రోగికిని జ్వరము వచ్చును. రక్తపుపోటు, మధుమేహము రావచ్చును. అప్పుడు మాత్రలు మ్రింగవలసివచ్చును. ఆహారములో గోధుమ రేణువునుకూడ విడిచిపెట్టిన మనిషికి, ఈ మాత్రలో ఏమి కలిసియున్నదో అను సందేహము కలుగుట సహజము.

ఈ సందేహమునకు సరియైన సమాధానము దొరకనప్పుడు రోగులు రెండు విధములుగా పొరబడుచున్నారు. కొందరు మందు అని పేరున్న ప్రతి టానిక్కును, ప్రతి చూర్ణమును విచారింపకయే వాడుచున్నారు. మరికొందరు భయపడి, వైద్యుడు వ్రాసిన అత్యవసరమైన మందును తమంతట తామే మానివేయుచున్నారు. ఈ రెండింటిలో రెండవ పొరబాటే ఎక్కువ ప్రమాదకరమైనది. భయమునకు ఎంతవరకు కారణమున్నదో, మందును గూర్చి ఎవరిని ఏమని అడుగవలెనో తెలుపుటయే ఈ కరపత్రము యొక్క ఉద్దేశము.

వ్యాధి స్వభావము

గోధుమ, బార్లీ, రై అను ధాన్యములలోని కొన్ని మాంసకృత్తుల సముదాయమునకు గ్లూటెన్ అని పేరు. పిండిని తడిపి పిసికినప్పుడు ముద్ద సాగుటకు, రొట్టె పొంగుటకు కారణము ఇదియే. చాలమందికి దీనివలన ఏ హానియు లేదు. జన్మతః కొన్ని జన్యు లక్షణములుగల కొందరిలో మాత్రము, గ్లూటెన్ చిన్నప్రేగును చేరినప్పుడు శరీరరక్షణ వ్యవస్థ దానిని శత్రువుగా భావించి, తన ప్రేగు గోడనే గాయపరచును.

చిన్నప్రేగు లోపలి గోడపై మఖమలు గుడ్డమీది నూగువలె సన్నని చూషకములు నిండియుండును. ఆహారసారమును పీల్చి రక్తమునకు అందించునవి ఇవియే. సీలియాక్ వ్యాధిలో ఈ చూషకములు అరిగి చదునగును. ఎంత తిన్నను శరీరమునకు పట్టదు. పిల్లలలో విరేచనములు, కడుపుబ్బరము, ఎదుగుదల లేకపోవుట కనబడును. పెద్దలలో ఒక్కొక్కప్పుడు విరేచనములు లేకయే, ఎంతకును తగ్గని రక్తహీనతయో, ఎముకల బలహీనతయో మాత్రమే పైకి కనబడును.

లండను వైద్యుడు శామ్యూల్ గీ 1888లో ఈ వ్యాధిని విపులముగా వర్ణించెను. ఆహారమును సవరించుటవలననే ఇది నయము కాగలదని ఆయన గ్రహించెను గాని, ఏ ఆహారము హానికరమో అప్పటికి తెలియలేదు. నెదర్లాండ్సు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె గోధుమయే దీనికి కారణమని నిరూపించి, 1950లో తన పరిశోధన గ్రంథమును వెలువరించెను.

నేడు ఈ వ్యాధిని మొదట రక్తపరీక్షవలనను, తరువాత ఎండోస్కోపుతో చిన్నప్రేగునుండి తీసిన చిన్న తునకను పరీక్షించుటవలనను నిర్ణయించుచున్నారు. ఈ పరీక్షలు పూర్తి కాకమునుపే గోధుమను మానినచో, రక్తములోని గుర్తులు తగ్గి, ప్రేగు కొంత కోలుకొని, ఉన్న వ్యాధియే లేనట్లు కనబడును. కావున అనుమానము కలిగినవారు ముందుగా వైద్యుని చూచి, పరీక్షలు ముగిసిన పిదపనే ఆహారమును మార్చవలెను. రోగి యొక్క తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానముకూడ పరీక్ష చేయించుకొనుట మంచిది. దగ్గరి రక్తసంబంధీకులలో ఈ వ్యాధి ఇతరులకంటె ఎక్కువగా కనబడును.

మన దేశములో

భారతదేశములో మూడు ప్రాంతముల పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఈ వ్యాధి ఉత్తర ప్రాంతములో నూటికి 1.23 మందికి, ఈశాన్య ప్రాంతములో 0.87 మందికి, దక్షిణ ప్రాంతములో 0.10 మందికి ఉన్నది. అనగా దక్షిణమున వేయిమందిలో ఒకరికి ఉన్నట్లు. ఉత్తరమున గోధుమ నిత్యాహారమగుటయు, దక్షిణమున అన్నము ప్రధానమగుటయు ఈ భేదమునకు ఒక కారణముగా చెప్పబడుచున్నది.

తెలుగువారు అన్నము తినువారే అయినను గోధుమకు దూరముగా లేరు. ఉప్మా, పూరీ, సేమ్యా పాయసము ప్రతి యింటను కలవు. మధుమేహము వచ్చినవారు రాత్రివేళ అన్నము మాని చపాతీలు తినుట సర్వసాధారణమైనది. జ్వరపడిన బిడ్డకు బార్లీ జావ పోయుట పాత ఆచారము. ఇంతేగాక, వ్యాధి అరుదుగా ఉన్న ప్రాంతములో రోగికి మరియొక కష్టము కలదు. మందుల దుకాణములోని వారికి ఆ వ్యాధి పేరే పరిచయము ఉండకపోవచ్చును. అందువలన ఏమి అడుగవలెనో రోగియే తెలిసికొనియుండుట అవసరము.

మాత్రలో ఏమేమి ఉండును?

దేశీయ వైద్యములో మందును తేనెతోనో, నేతితోనో, వేడినీటితోనో అనుపానముగా ఇచ్చుట అందరెరిగినదే. కర్మాగారములో తయారగు మాత్రలోకూడ అసలు మందుతోపాటు మరికొన్ని పదార్థములు చేర్చబడును. వీనిని పూరకద్రవ్యములందురు. థైరాయిడు మాత్రను ఉదాహరణముగా తీసికొనుడు. ఒక మాత్రలోని అసలు మందు 50 మైక్రోగ్రాములు కావచ్చును. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. అంత సూక్ష్మమైన పరిమాణమును వ్రేళ్లతో పట్టుకొనుటయే సాధ్యము కాదు. అందుచేత మాత్రకు పరిమాణము కలిగించుటకు ఒకటి, పొడి విడిపోకుండ అంటించుటకు ఒకటి, కడుపులో చేరగానే మాత్ర విచ్చిపోవుటకు ఒకటి, అచ్చుకు అంటుకొనకుండ జారుటకు ఒకటి, పైపూతకు ఒకటి, ఇట్లు అనేక ద్రవ్యములు కలుపుదురు.

ఈ ద్రవ్యములలో చాలవానికి గోధుమతో సంబంధము లేదు. లాక్టోజు పాలనుండి వచ్చును. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజు కొయ్యగుజ్జునుండి వచ్చును. మెగ్నీషియం స్టియరేటు, టాల్కు, డైకాల్షియం ఫాస్ఫేటు, పోవిడోను, టైటానియం డయాక్సైడు అనువానిలో గ్లూటెన్ లేదు. కాప్స్యూలు గుల్లకు వాడు జెలటిన్ పేరు గ్లూటెన్‌వలె వినబడినను, అది జంతు సంబంధమైన వేరొక పదార్థము. మాల్టోడెక్స్ట్రిన్ అను పేరును చూచి మాల్టు అని భ్రమపడరాదు. అది స్టార్చినుండి, సాధారణముగా మొక్కజొన్న స్టార్చినుండి, చేయబడునది. బార్లీ మొలకలనుండి తీయు మాల్టు వేరు.

విచారింపదగినవి కొన్ని కలవు. ఏ ధాన్యమునుండి తీసినదో చెప్పక కేవలము స్టార్చి అని వ్రాసినది, ప్రీజెలటినైజ్డ్ స్టార్చి, మాడిఫైడ్ స్టార్చి, డెక్స్ట్రిన్, సోడియం స్టార్చి గ్లైకొలేటు అనునవి ఈ తరగతిలోనివి. స్టార్చిని మొక్కజొన్ననుండి, బియ్యమునుండి, బంగాళాదుంపనుండి, కర్రపెండలమునుండి, గోధుమనుండి తీయవచ్చును. మొదటి నాలుగింటిలో గ్లూటెన్ లేదు. మన దేశములో మాత్రల తయారీకి మొక్కజొన్న స్టార్చియే అధికముగా వాడుకలో ఉన్నది. సోడియం స్టార్చి గ్లైకొలేటు సాధారణముగా బంగాళాదుంప స్టార్చినుండి చేయబడును. కనుక ఈ పేర్లు కనబడినంతమాత్రమున మందును విడువరాదు. మూలధాన్యము ఏదని అడిగి తెలిసికొనవలెను.

స్టార్చి వేరు, గ్లూటెన్ వేరు

గోధుమ స్టార్చి అనగానే గోధుమపిండి అని తలంచుట పొరబాటు. గోధుమపిండి ముద్దను నీటిధార క్రింద పిసికినచో తెల్లని నీరు కారిపోయి, చేతిలో జిగటగా సాగు ముద్ద మిగులును. మిగిలిన ముద్ద గ్లూటెన్. తెల్లని నీటితో పోయినది స్టార్చి. అనకాపల్లి జిల్లాలోని మాడుగులలో హల్వా చేయువారు గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు తీయుదురు. ఆ గోధుమపాలలో స్టార్చియే ప్రధానముగా ఉండును. అయితే ఇంటి పద్ధతిలో ఈ రెండును పూర్తిగా వేరు కావు. గోధుమపాలలో గ్లూటెన్‌కూడ కొంత కలిసియే ఉండును గనుక, ఆ హల్వా సీలియాక్ రోగికి తగదు. ఔషధములకు వాడు గోధుమ స్టార్చిని అనేక పర్యాయములు కడిగి శుద్ధి చేయుదురు. దానిలో గ్లూటెన్ లేశమాత్రముగా మాత్రమే మిగులును.

ఎంత గ్లూటెన్ హానికరము?

ఇటలీలో జరిగి 2007లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్‌ను మూడు నెలలు తీసికొన్న రోగుల ప్రేగులో హాని కనబడినది. రోజు మొత్తమునకు 10 మిల్లీగ్రాములకు లోబడియున్నచో చాలమంది రోగుల ప్రేగునకు చెప్పుకోదగిన హాని కలుగదని తరువాతి సమీక్షలు తెలుపుచున్నవి. ఈ అంకెలను నిత్యజీవితముతో పోల్చి చూడవలెను. 30 గ్రాముల పిండితో చేసిన ఒక చపాతీలో గ్లూటెన్ రెండు గ్రాములకు, అనగా 2,000 మిల్లీగ్రాములకు, మించియుండును. హాని కలిగించిన 50 మిల్లీగ్రాములు ఆ చపాతీలో నలుబదవ వంతుకూడ కాదు.

ఇప్పుడు మాత్ర సంగతి. ఔషధములకు వాడు గోధుమ స్టార్చిలో కిలోగ్రామునకు 100 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని ఐరోపా దేశముల ప్రమాణము. ఒక మాత్రలో అట్టి స్టార్చి 100 మిల్లీగ్రాములున్నదనుకొన్నను, దానిలోని గ్లూటెన్ 0.01 మిల్లీగ్రామును మించదు. రోజుకు 10 మిల్లీగ్రాముల హద్దును చేరవలెనన్న అట్టి మాత్రలు వేయి మ్రింగవలెను.

అమెరికా దేశపు ఆహార ఔషధ పరిపాలన సంస్థ 2017 డిసెంబరులో ప్రకటించిన ముసాయిదాలో, నోటిద్వారా తీసికొను మందులలో అత్యధిక భాగమునకు గ్లూటెన్ లేదనియో, లేనట్లేననియో తెలిపినది. గోధుమ స్టార్చి ఉన్నప్పటికిని ఒక మాత్రకు 0.5 మిల్లీగ్రాముకంటె ఎక్కువ గ్లూటెన్ చేరదని ఆ సంస్థ అంచనా వేసినది. ఈ పెద్ద అంచనానే గైకొన్నను, అట్టి మాత్రలు రోజుకు పది మ్రింగిన మనిషికి చేరునది 5 మిల్లీగ్రాములు. కావున అప్పుడప్పుడు ఒకటి రెండు మాత్రలు వాడువారు కలతపడవలసిన పని లేదు. ప్రతిదినము అనేకమైన మాత్రలను ఏండ్ల తరబడి వాడువారు మాత్రము ఒక్కొక్క మందును గూర్చి ఒకసారి విచారించుకొనుట యుక్తము.

మందు పెట్టెపై ఏమి వ్రాసియుండును?

మన దేశములో 1945 నాటి ఔషధ నిబంధనలననుసరించి, మందు పెట్టెపై మందు పేరు, అసలు మందు పరిమాణము, తయారీదారుని పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ ముద్రింపబడును. పూరకద్రవ్యముల సంపూర్ణమైన జాబితా సాధారణముగా కానరాదు. ఎంపిక చేసిన 300 బ్రాండుల మందులపై 2023 ఆగస్టు 1 నుండి క్యూ.ఆర్. కోడు ముద్రింపవలెనను నిబంధన వచ్చినది. మందు నిజమైనదా, నకిలీదా అని తెలిసికొనుటకే అది ఉద్దేశింపబడినది. దానిని గ్లూటెన్ విషయములో ప్రమాణముగా గైకొనరాదు.

విటమినుల మాత్రలు, మాంసకృత్తుల పొడులు మొదలైనవి కొన్ని మందుల దుకాణములోనే అమ్ముడుపోయినను, అవి ఆహారవస్తువుల తరగతికి చెందియుండవచ్చును. పెట్టెపై భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ లైసెన్సు సంఖ్య ఉన్నదా అని చూచిన ఈ సంగతి తెలియును. అట్టివానిపై పదార్థముల జాబితా తప్పక ఉండవలెను. ఆ సంస్థ 2020 నాటి నిబంధనల ప్రకారము, గ్లూటెన్‌గల ధాన్యములు కలిసినచో ఆ సంగతినికూడ ప్రకటింపవలెను. గ్లూటెన్ రహితమని వ్రాసిన ఆహారములో కిలోగ్రామునకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు.

ఐరోపా దేశములలో నివసించు తెలుగువారికి కొంత సౌలభ్యము కలదు. గోధుమ స్టార్చి కలిసిన మందు పత్రములో, ఒక మాత్రకు ఎన్ని మైక్రోగ్రాములకు లోబడి గ్లూటెన్ ఉన్నదో తెలుపవలెనని 2017లో సవరించిన అక్కడి మార్గదర్శకము చెప్పుచున్నది. అమెరికాలో మందుతో వచ్చు పత్రములో పూరకద్రవ్యముల పేర్లు సాధారణముగా ఉండును. అయితే ఒకే సంస్థ హైదరాబాదులో తయారుచేసి విదేశమునకు పంపు మాత్రయు, ఇచ్చట అమ్ము మాత్రయు ఒకే పూరకద్రవ్యములతో చేయబడినవని అనుకొనరాదు. ఎచ్చట కొన్న మందును గూర్చి అచ్చటనే విచారింపవలెను.

విచారించు విధానము

మొదటగా, క్రొత్త వైద్యునివద్దకు పోయినప్పుడెల్ల తనకు సీలియాక్ వ్యాధి కలదని రోగి ముందుగా చెప్పవలెను. ఆ సంగతి మందుల చీటీపై వ్రాయించుకొనుట మేలు. వైద్యుడు ఒకే గుణముగల రెండు మందులలో సందేహము లేనిదానిని ఎన్నుకొనవచ్చును.

రెండవది, దుకాణములోని ఫార్మసిస్టును అడుగునప్పుడు "దీనిలో గ్లూటెన్ ఉన్నదా?" అని మాత్రమే అడిగిన చాలదు. "దీనిలో స్టార్చి ఉన్నదా? ఉన్నచో ఏ ధాన్యమునుండి తీసినది?" అని అడుగవలెను. తెలియకయే "లేదు, లేదు" అని చెప్పు సమాధానముతో తృప్తిపడక, తయారీదారుని వివరములు వ్రాసికొనవలెను.

మూడవది, తయారీదారునికి వ్రాయుట. పెట్టెపై చిరునామా ఉండును. ఈ క్రింది మాదిరిగా వ్రాయవచ్చును.

"అయ్యా, మీ సంస్థ తయారుచేయు ఫలానా మాత్రలను, ఫలానా బ్యాచి సంఖ్యగలవానిని, వాడవలసినదిగా నాకు వైద్యులు వ్రాసియిచ్చిరి. నాకు సీలియాక్ వ్యాధి కలదు. కావున ఈ మాత్రలలో గోధుమ, బార్లీ, రై ధాన్యములనుండి తీసిన ద్రవ్యమేదైన కలదా, స్టార్చి ఉన్నచో అది ఏ ధాన్యమునుండి తీసినది, అను వివరములను తెలుపగోరుచున్నాను."

ఈ ప్రశ్న స్పష్టమైనది గనుక దీనికి అవుననియో కాదనియో సమాధానమియ్యవచ్చును. సమాధానము వచ్చినప్పుడు దానిని తేదీతోసహా భద్రపరచుకొనవలెను.

నాల్గవది, మందు తయారీదారుడు మారినప్పుడు మరల విచారింపవలెను. ఒకే మందును అనేక సంస్థలు తయారుచేయుచున్నవి. జన ఔషధి కేంద్రములో దొరకు చౌక మందులోను, ఖరీదైన బ్రాండులోను అసలు మందు ఒక్కటే కావచ్చును గాని, పూరకద్రవ్యములు వేరు కావచ్చును. చౌకమందు తక్కువదని దీని అర్థము కాదు. రెండింటిని గూర్చియు ఒకే ప్రశ్న అడుగవలెనని మాత్రమే దీని భావము. విచారించి నిర్ధారించుకొన్న మందుల పట్టికను ఒక చిన్న పుస్తకములో వ్రాసి ఉంచుకొన్నచో, ఆసుపత్రిలో చేరవలసివచ్చినప్పుడు అది ఎంతయో ఉపకరించును.

ఎక్కువ జాగ్రత్త ఎక్కడ అవసరము?

మాత్రలకంటె ఎక్కువగా శ్రద్ధ చూపవలసినవి మరికొన్ని కలవు. బలమునకని త్రాగు కొన్ని టానిక్కులలోను, పాలలో కలుపు పొడులలోను బార్లీ మాల్టు ఉండును. ఇవి చెంచాల కొలదిగా ప్రతిదినము తీసికొనబడును గనుక మాత్రలోని లేశముతో పోల్చదగినవి కావు. మాల్టు అని ఉన్నదానిని సీలియాక్ రోగి వాడరాదు.

ఆయుర్వేద ఔషధములలో యవలు అనగా బార్లీయే. గోధుమలుకూడ కొన్ని యోగములలో చేరును. ఇవి మూలికలే గదా అని నిర్లక్ష్యము చేయక, పదార్థముల పట్టికను చూడవలెను. గోధుమగడ్డి రసమును, పొడిని బలవర్ధకముగా అమ్ముచున్నారు. గడ్డిలో గింజ కలియలేదను నిశ్చయము లేనియెడల దానిని విడుచుటయే మేలు.

ఇంగువ విషయము ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. బజారులో దొరకు ఇంగువలో అధికభాగము శుద్ధమైన ఇంగువ కాదు. అది తుమ్మజిగురును, పిండిని కలిపి చేసినది. ఆ పిండి తరచుగా గోధుమపిండియో మైదాయో అయియుండును. కడుపునొప్పికి మజ్జిగలో ఇంగువ కలిపి త్రాగువారును, హింగ్వాష్టక చూర్ణము వాడువారును, ప్రతిదినము పోపులో వేసికొనువారును ఈ సంగతిని గమనింపవలెను. బియ్యపుపిండితో చేసిన ఇంగువయు దొరకును. డబ్బాపై పదార్థములను చదివి కొనవలెను.

మాత్ర శుద్ధమైనదైనను, దానిని మ్రింగు విధములో గ్లూటెన్ చేరవచ్చును. పరగడుపున వేసికొనరాదని చెప్పిన మాత్రకు ముందు రెండు బిస్కట్టులు తినుట, పిల్లలకు మాత్రను రొట్టెముక్కలో దాచి పెట్టుట, గోధుమపిండి అంటిన రోటిలో మాత్రను నూరుట చూచుచున్నాము. ఇడ్లీ, అరటిపండు, అటుకులు ఇట్టి సందర్భములలో చక్కగా పనికివచ్చును.

సూదిమందులకును, సెలైనుకును ఈ భయము అవసరము లేదు. చర్మముపై రాయు లేపనములు నోటిలోనికి పోనంతవరకు సీలియాక్ వ్యాధిని రేపవు. విరేచనములకు ఇచ్చు ఓ.ఆర్.ఎస్. ద్రావణములో ప్రధానముగా ఉండునవి గ్లూకోజు, లవణములే. గోధుమ ఎలర్జీ అనునది మాత్రము వేరొక వ్యాధి. దానిలో లేశమైనను వెంటనే దద్దురులు, ఆయాసము రావచ్చును గనుక, ఆ రోగులు తమ వైద్యుని సలహాననుసరించి నడువవలెను.

మందు వాడిన తరువాత బాధ కలిగినచో

మాత్ర వేసికొనిన తరువాత కడుపులో బాధ కలిగినంతమాత్రమున గ్లూటెన్‌ను నిందించుట సరికాదు. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్, మెగ్నీషియముగల ఆమ్లశమన మందులు, అనేకమైన యాంటీబయాటిక్కులు విరేచనములను కలిగింపవచ్చును. ఇనుము మాత్రలు కడుపులో వికారము కలిగించును. రక్తపుపోటుకు వాడు ఓల్మెసార్టాన్ అను మందు కొందరిలో సీలియాక్ వ్యాధిని పోలిన తీవ్రమైన విరేచనములను, చూషకముల అరుగుదలను కలిగించుచున్నదని తెలిసి, అమెరికా ఔషధ సంస్థ 2013లో హెచ్చరిక చేసినది. ఇచ్చట దోషము గ్లూటెన్‌ది కాదు, అసలు మందుదే. వైద్యుడు దానిని మార్చినచో బాధ తగ్గును. కావున బాధ కలిగిన తేదీ, మందు పేరు, ఆనాడు తిన్న ఆహారము వ్రాసికొని వైద్యునకు చూపవలెను.

ప్రేగు స్థితినిబట్టి మందు పనిచేయు తీరుకూడ మారును. ఇనుమును పీల్చుకొనునది చిన్నప్రేగు పైభాగము. సీలియాక్ వ్యాధి గాయపరచునదియు ముఖ్యముగా ఆ భాగమునే. కనుక వ్యాధి గుర్తింపబడని రోగికి ఎన్ని ఇనుము మాత్రలు ఇచ్చినను రక్తహీనత తగ్గకపోవచ్చును. నెలల తరబడి మాత్రలు వాడినను రక్తము పెరగని స్త్రీలను, పిల్లలను సీలియాక్ వ్యాధికి పరీక్షింపవలసినదిగా వైద్యుని కోరవచ్చును. థైరాయిడు మందు సంగతియు అట్టిదే. ప్రేగు పాడైయున్నప్పుడు ఎక్కువ మోతాదు అవసరమగును. గోధుమ మానిన పిదప చూషకములు కోలుకొని మందును చక్కగా పీల్చుకొనును. అప్పుడు పాత మోతాదు ఎక్కువ కావచ్చును. ఆహారనియమమును ప్రారంభించినవారు తమ ఇతర మందుల మోతాదులను వైద్యునిచే మరల పరీక్షింపజేసికొనవలెను.

చేయరాని పని

మూర్ఛకు వాడు మాత్రలను హఠాత్తుగా ఆపినచో, ఆగియున్న మూర్ఛలు విజృంభించి ప్రాణాపాయము కలుగవచ్చును. క్షయ మందులను మధ్యలో మానినచో వ్యాధి మొండికెత్తి, ఆ మందులకే లొంగకుండపోవును. ఇంటిలోని వారికిని సోకును. గుండె జబ్బు, మధుమేహము, రక్తపుపోటు, థైరాయిడు మందుల విషయమును ఇట్టిదే. వీనిలో ఏ మాత్రయందైనను ఉండగల గ్లూటెన్ లేశమునకంటె, ఆ మాత్రను మానుటవలన కలుగు హాని ఎన్నో రెట్లు గొప్పది. విచారణ జరుగుచుండగా మందు సాగుచునే ఉండవలెను. సందేహము తీరనిచో మందును మార్చుట వైద్యుని పని. ప్రాణాపాయ సమయమున ఏ మందు అందుబాటులో ఉన్నదో దానిని తీసికొనవలెను. గ్లూటెన్ సంగతి తరువాత చూచుకొనవచ్చును.

సీలియాక్ రోగిని బాధించు గ్లూటెన్‌లో అత్యధిక భాగము వంటయింటినుండియు, ఫలహారశాలనుండియు, విందుభోజనమునుండియు వచ్చునదే. రోగియు, అతని కుటుంబమును తమ జాగ్రత్తనంతయు ముందుగా అచ్చట వినియోగింపవలెను. మాత్ర విషయమున ఒకసారి సరిగా విచారించి, సమాధానమును వ్రాసి ఉంచుకొని, ఆ తరువాత నిశ్చింతగా మందును వేళకు వేసికొనవలెను.